గోడ వరస

గంట మేస్త్రీకి దేన్నయినా వేలి కణుపుతో కొట్టి చూడనిదే నమ్మకం కుదరదు. కొత్త బిందె కొన్నా, తలుపు చెక్క తెచ్చినా ముందు ఒక దెబ్బ వేసి, తల వంచి, అదేమంటుందో విన్నాకే చెయ్యి పెడతాడు. పెళ్ళిచూపులకని తమ పుట్టింటికొచ్చినప్పుడు మంచినీళ్ళ గ్లాసును కూడా కొట్టి చూశాడని ఆయన భార్య ఇప్పటికీ నలుగురిలో చెప్తుంది. "ఇంకా నయం, నా నెత్తి మీద కొట్టి చూడలేదు," అని నవ్విస్తుంది.

అది ఆయన పని నేర్పిన గుణం. రైలు పెట్టెలు మరమ్మతు చేసే షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన ఉద్యోగం చక్రాలు కొట్టి చూడటం. పొడుగు పిడి ఉన్న చిన్న సుత్తితో చక్రం అంచు మీద ఒక్క దెబ్బ వేస్తాడు. మంచి చక్రమైతే ఖంగుమని మోగుతుంది, ఆ మోత సాగి సాగి గాని ఆగదు. లోపల ఎక్కడైనా వెంట్రుకవాసి పగులుంటే పగిలిన కుండ మీద కొట్టినట్టు మోత అక్కడికక్కడే చచ్చిపోతుంది. బాగుంటే సుద్దముక్కతో టిక్కు పెట్టి, దాని కింద ఒక చుక్క పెడతాడు. ఆ చుక్కే ఆయన సంతకం. బాగాలేకపోతే ఇంటూ మార్కు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ గంట మేస్త్రీయే.

షెడ్డులో ఒక కట్టుబాటుంది. మోత మీద అనుమానం కలిగితే మేస్త్రీ సుత్తి ఉన్న చెయ్యి పైకెత్తుతాడు. ఆ చెయ్యి లేచిందంటే ఎక్కడి పని అక్కడ ఆగాలి. సానరాయి ఆపుతారు, వెల్డింగు ఆపుతారు, ఫోన్లో మాట్లాడుతున్న ఆఫీసరైనా నోరు మూసుకుంటాడు. మేస్త్రీ మళ్ళీ కొట్టి, విని, చెయ్యి దించేదాకా ఎవరూ తుమ్మరు కూడా.

రెండేళ్ళ కిందట ఆయన ఎడమ చెవి పోయింది. ఒక్కరోజులో పోలేదు. కుళాయి సన్నబడ్డట్టు సన్నబడి, ఒకనాటికి పూర్తిగా ఆగిపోయింది. సంగతి తెలిసింది ఇద్దరికే. భార్యకు ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. రోడ్డు మీద నడిచేటప్పుడు ఎప్పుడూ ఎడమ పక్కన ఉండే మనిషి కుడి పక్కకు మారింది, అంతే. రెండోవాడు ఆవిడ తమ్ముడు. అదే షెడ్డులో ఇరుసులకు గ్రీజు పెడుతూ మేస్త్రీకి జోడీగా తిరిగే బావమరిది. ఏటా జరిగే వైద్య పరీక్షలో ఒక చెవి మూయించి, వెనక నిలబడి డాక్టరు గొంతు తగ్గించి అంకెలు చెప్తాడు, విన్నవాడు తిరిగి చెప్పాలి. డాక్టరుకు ఓపిక తక్కువ, అందరికీ అవే అంకెలు. బావమరిది ముందు వెళ్ళొచ్చి వాటిని బావకు అందించేవాడు.

చెవి పోయినవాణ్ణి చక్రాల దగ్గర ఉంచరు. స్టోర్సులో కుర్చీ వేసి, నట్లూ బోల్టులూ ఇచ్చి పుచ్చుకునే పని అప్పజెప్తారు. ఉద్యోగం పోదు, సుత్తి పోతుంది. మేస్త్రీకి రెండూ ఒకటే.

అందుకని తన జాగ్రత్తలో తనున్నాడు. చక్రాలు కుడి పక్కకు వచ్చేలా నడిచేవాడు. వీలుకాకపోతే మెడ పట్టేసిందని చెప్పి మనిషంతా తిరిగేవాడు. ఒక్క గోడ వరస దగ్గరే ఏ ఎత్తూ పారలేదు. పని పూర్తయి, రంగు కూడా వేసి, పెట్టెల కింద బిగింపుకు సిద్ధంగా ఉన్న చక్రాలను గోడ పక్కన నిలుపుతారు. ఎదురుగా గాలి కంప్రెసరు పొద్దస్తమానం రొద పెడుతుంది. రెండు చెవులున్నవాడు ఆ రొదలోంచి మోతను ఏరుకోగలడు. ఒక్క చెవిలోకి రెండూ కలిసిపోయి వస్తాయి. ప్రతి చక్రానికీ చెయ్యెత్తితే నలుగురూ ఏమనుకుంటారు? మేస్త్రీకి ఇప్పుడు అన్నీ అనుమానాలే అనరూ? అందుకని అక్కడ పిడి గుండా చేతికొచ్చే వణుకును బట్టి టిక్కులు పెట్టేవాడు. చెవికన్నా చెయ్యే ముందు వింటుందని తనకు తాను చెప్పుకున్నాడు.

అలాంటి రోజుల్లో జాజ్ సంగీత ఉత్సవం వాళ్ళు షెడ్డుకొచ్చారు.

ఊళ్ళో ఏటా జరిగే ఉత్సవమే అది. ఇన్నాళ్ళూ పెద్ద హాళ్ళలో టిక్కెట్టు కొన్నవాళ్ళ కోసం జరిగేది. ఈసారి పనిచేసుకునే జనంతో కలిసి వాయించాలని తీర్మానించుకున్నారట. ఆఫీసరు క్యాంటీన్లో అందర్నీ నిలబెట్టి ఈ సంగతి చెప్పాడు. ఆయన పక్కన ముప్పై ఏళ్ళ అమ్మాయి మెడలో సాక్సోఫోన్ వేలాడేసుకుని నిలబడింది. సాయంత్రం కాకముందే షెడ్డు ఆమెకు గొట్టం అమ్మాయని పేరు పెట్టేసింది.

"మూడు వారాలు, వారానికి రెండు రోజులు, డ్యూటీ అయ్యాక గంట సేపు సాధన," అన్నాడు ఆఫీసరు. "ఆఖరి ఆదివారం ఇక్కడే, మన షెడ్డులోనే ప్రదర్శన. మీరే వాయిస్తారు."

"మేమేం వాయిస్తాం సార్? మాకు ఈల వెయ్యడం కూడా రాదు," అన్నాడు వెల్డరు.

"మీ పనిముట్లే వాయిద్యాలు," అంది గొట్టం అమ్మాయి. "కాగితం లేదు, కట్టిన పాట లేదు. నేనొకటి అంటాను, మీరు జవాబు చెప్పండి. అప్పటికప్పుడు ఏది వస్తే అది. ఇందులో తప్పు అనేదే లేదు."

మేస్త్రీకి మొదటి అనుమానం అక్కడే తగిలింది. తప్పు లేని పని ఉంటుందా?

రెండోది మరుసటి నిమిషంలోనే తగిలింది. ఇష్టమున్నవాళ్ళే రమ్మన్న ఆఫీసరు జేబులోంచి జాబితా తీసి తనే పేర్లు చదివాడు. మొట్టమొదటి పేరు గంట మేస్త్రీది.

ఆ సాయంత్రం ఇంటికొస్తూ, "ముందు నా పేరే ఎందుకుంది?" అన్నాడు బావమరిదితో.

"ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా బావా."

"ఈ ఏడాది వైద్య పరీక్షకు కొత్త మిషను వస్తోందట. చెవులకు తగిలించి చూస్తారట. దానికి ముందు ఎవడెవడి చెవి ఎలా ఉందో తెలుసుకోడానికి ఈ ఎత్తు వేశారు. మామూలుగా పిలిస్తే యూనియన్ గోల చేస్తుందని సంగీతం ముసుగేశారు."

బావమరిది నడక ఆపి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నీ చెవి కోసం ఇంత ఉత్సవం చేస్తున్నారంటావా? పెళ్ళికి కూడా నీకింత బ్యాండు పెట్టలేదు కదా బావా!"

మేస్త్రీ నవ్వలేదు.

సాధనలో జరిగిన ప్రతిదీ ఆయన అనుమానానికి ఎరువే అయింది. గొట్టం అమ్మాయి ఒకచోట నిలబడేది కాదు. వాయిస్తూ అందరి వెనకా తిరిగేది. "కళ్ళు మూసుకోండి, చెవులతోనే చూడండి," అనేది. ఎవరి వెనక ఆగి వాయిస్తే వాళ్ళు జవాబు చెప్పాలి. వెల్డరు స్పానర్లతో చెప్పేవాడు, ఇంకొకడు గొలుసు లాగి చెప్పేవాడు, బావమరిది నూనె డబ్బా అడుగు మీద దరువేసేవాడు. మేస్త్రీ కోసం ఒక పట్టా ముక్కను తీగకు వేలాడదీశారు. డాక్టరు గదిలో జరిగేదానికీ దీనికీ తేడా ఏమిటో ఆయనకు తెలియలేదు. అక్కడ ఒక్కడే, ఇక్కడ నలభై మంది ముందు.

బావమరిదిని ఎడమ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆమె ఆ వైపు వచ్చి ఆగితే వాడు మోకాలితో మోకాలు తాకించేవాడు. అప్పుడు మేస్త్రీ కొట్టేవాడు. మోకాలు తాకి, అది బుర్రకెక్కి, చెయ్యి లేచేసరికి అరక్షణం దాటేది.

రెండో వారం ఆమె నీళ్ళు తెచ్చుకోవడానికి వెళ్తూ నోటు పుస్తకం బల్ల మీద వదిలేసింది. ఎప్పుడూ ఏదో ఒకటి దాంట్లో రాస్తూనే ఉంటుంది. మేస్త్రీ అటూ ఇటూ చూసి, మెడ సాచాడు. పేజీ మధ్యలో ఉంది: గంట మేస్త్రీ, ఆలస్యంగా కొడతాడు. ప్రతిసారీ. 'ప్రతిసారీ' కింద రెండు గీతలు.

గబుక్కున వెనక్కి జరిగాడు.

"దొరికిపోయాను," అన్నాడు బావమరిదిని పక్కకు లాగి.

"నా గురించి ఏం రాసింది?"

"చూళ్ళేదు."

"అదీ సంగతి. నీ గురించి తప్ప నీకేదీ కనపడదు బావా."

ఆ మాట మామూలు రోజుల్లో అయితే చెల్లిపోయేది. ఆ రోజు మేస్త్రీ మనసులో వేరే చోట తగిలింది. వీడికి ఇంత ధీమా ఏమిటి? మొన్న టీ బంకు దగ్గర ఆఫీసరుతో ఇకిలిస్తూ కనపడ్డాడు. తన తర్వాత సుత్తి ఎవరికి వస్తుంది? అనుభవం చూసుకుంటే వరసలో ఉన్నది వీడే. మూడో వారం మేస్త్రీ చోటు మార్చేశాడు. బావమరిదికి దూరంగా, గోడకు ఎడమ చెవి ఆనించి కూర్చున్నాడు. అటువైపు నుంచి ఎవరూ రాలేరు.

ఇంట్లో అన్నం పెడుతూ భార్య అడిగింది. "తమ్ముడు ఫోన్ చేశాడు. మూడు రోజులుగా మాట్లాడటం లేదట."

"నీకు ఫోన్ చేసి చెప్పాడా? ఇంకా ఎవరెవరికి చెప్పాడో!"

"వాడి మీద కూడానా? ఇక రేపో మాపో నా మీద కూడా వస్తుంది అనుమానం."

"నీ మీద ఎప్పుడో వచ్చింది. కూరలో ఉప్పు వేశావా?"

ఆవిడ నవ్వి, గిన్నె ఆయన కుడి పక్కకు జరిపి, కుడి పక్కనే కూర్చుంది. "ఒక మాట అడగనా? వాళ్ళకు తెలుస్తుందనేనా మీ భయం?"

"మరింకేముంది?"

ఆవిడ ఏదో అనబోయి, ఆగి, మజ్జిగ పోసింది.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డు ఖాళీ చేసి కుర్చీలు వేశారు. కంప్రెసరు ఆపేశారు. రెండు వందల మంది దాకా వచ్చారు. ఉద్యోగుల కుటుంబాలు, ఉత్సవం తాలూకు జనం, ఎవరెవరో. వేదిక మీదకు చక్రాలు ఎక్కించాలన్నది గొట్టం అమ్మాయి కోరిక. తుక్కులో పడి ఉన్నవి చాలంది. ఫొటోల్లో తుప్పు కనపడితే షెడ్డు పరువు పోతుందని ఆఫీసరు గోడ వరసలోంచి రంగు మెరుస్తున్న నాలుగు జతలు క్రేనుతో పైకెత్తించి, పొట్టి పట్టాల మీద నిలబెట్టించాడు. "సోమవారం పొద్దున ఆరింటికి ఇవి పెట్టెల కిందకు వెళ్ళాలి. గీత పడకుండా కొట్టు మేస్త్రీ," అని నవ్వాడు.

మేస్త్రీ ముందే లెక్క వేసుకున్నాడు. గొట్టం అమ్మాయీ, ఆమెతో వచ్చిన వాయిద్యాలవాళ్ళూ తనకు కుడి పక్కన ఉండాలి, చక్రాలు ఎడమ పక్కన. ఆమె ఎప్పుడు పిలిచినా వినపడాలి. చక్రాల సంగతేముంది, కొట్టడమే కదా. అలాగే ఏర్పాటైంది కూడా. తీరా మొదలుపెట్టే ముందు కరెంటు వైరు చాలలేదని వాయిద్యాలవాళ్ళ సామానంతా అటు పక్కకు మార్చేశారు. ఇప్పుడు గొట్టం అమ్మాయి ఎడమ పక్కన, చక్రాలు కుడి పక్కన. చక్రాలకు అవతల నూనె డబ్బాతో బావమరిది.

కావాలనే చేశారు, అనుకున్నాడు మేస్త్రీ. దిగిపోదామంటే మొదటి వరసలో ఆఫీసరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. రెండో వరసలో భార్య.

సంగీతం మొదలైంది. ఆయనకు అందులో సగమే అందింది. డ్రమ్ముల దెబ్బలు నేలలోంచి వచ్చాయి. వెల్డరు స్పానర్లు వినిపించాయి, గొలుసు వినిపించింది, జనం నవ్వు వినిపించింది. సాక్సోఫోన్ మాత్రం ఎక్కడో నీళ్ళ అడుగున మోగుతున్నట్టుంది. ఆయన ఆమె భుజాలనే చూస్తున్నాడు. ఆమె తలతిప్పి తనవైపు చూసింది. తన వంతు.

మొదటి చక్రం మీద కొట్టాడు. ఖంగుమంది. ఎన్నాళ్ళ తర్వాతో రొద లేని చోట, మంచి చెవికి అంత దగ్గరగా విన్న మోత. ఒళ్ళు జల్లుమంది. అది ఆగేదాకా ఆగాడు. ఆమె కూడా ఆగి, ఆ మోత తోకను పట్టుకుని ఏదో వాయించింది. రెండో చక్రం. అదీ మోగింది. ఆమె జవాబు. మూడోది. జనంలో ఎవరో ఆహా అన్నారు. మూడు వారాల్లో మొదటిసారి మేస్త్రీ ఎవరు చూస్తున్నారన్నది మరిచిపోయాడు.

నాలుగో చక్రం మీద కొట్టాడు. మోత చచ్చిపోయింది.

ఆయన ఏమీ అనుకోకముందే సుత్తి ఉన్న చెయ్యి పైకి లేచింది.

వెల్డరు స్పానర్లు గాలిలో ఆగాయి. గొలుసు ఆగింది. షెడ్డు మనుషులు నలభై మందీ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. అది చూసి డ్రమ్ములవాడు పుల్లలు ఎత్తిపట్టుకున్నాడు. గొట్టం అమ్మాయి పెదవులనుంచి వాయిద్యం తీసేసింది. ఆ ముఖంలో నవ్వు. ఇది కూడా ఆటలో భాగమే, అందులోనూ అద్భుతమైన భాగమని ఆమె అనుకుంది. రెండు వందల మంది ఊపిరి బిగబట్టారు.

మేస్త్రీ మళ్ళీ కొట్టాడు. అదే పగిలిన కుండ.

వేదిక మీద పట్టాల కింద పరిచిన తివాచీ వల్ల అనుకోవచ్చు. కానీ మొదటి మూడూ అదే తివాచీ మీద మోగాయి. చక్రం మీద తన టిక్కు ఉంది, కింద తన చుక్క ఉంది. పది రోజుల నాటిది. కంప్రెసరు రొదలో, పిడి వణుకును నమ్మి పెట్టింది.

చక్రానికి అవతల నుంచి బావమరిది ఆయన కళ్ళలోకే చూస్తున్నాడు. అంతమందిలో అసలు సంగతి అర్థమైంది వాడొక్కడికే. నూనె డబ్బా పొట్టకు అదుముకుని, ఎవరికీ కనపడకుండా తల అడ్డంగా ఊపాడు. వద్దు బావా. ఇప్పుడు వద్దు.

వీడినా నేను అనుమానించింది, అనుకున్నాడు మేస్త్రీ.

చెయ్యి దించితే చాలు. సంగీతం మళ్ళీ మొదలవుతుంది, చప్పట్లు కొడతారు, ఎవరికీ ఏమీ తెలియదు. చీకటి పడ్డాక ఒక్కడే వచ్చి ఆ టిక్కు చెరిపేసి ఇంటూ పెట్టొచ్చు. ఈ చక్రం ఆగిపోతుంది. మరి గోడ పక్కన మిగిలినవి? ఈ రెండేళ్ళలో అదే గోడ పక్కనుంచి వెళ్ళిపోయినవి? అవి ఇప్పుడు ఎక్కడెక్కడ, ఎంతమంది కింద తిరుగుతున్నాయి? మూడు వారాలుగా ఊళ్ళో ప్రతి మనిషినీ కొట్టి చూశాడు. ఒక్క తన మీదే దెబ్బ వెయ్యలేదు. భయం వాళ్ళకు తెలుస్తుందని కాదు, తనకే తెలుస్తుందని; మజ్జిగ పోస్తూ భార్య మింగేసిన మాట అదేనని అప్పుడు తెలిసింది.

జేబులోంచి సుద్దముక్క తీశాడు. తన టిక్కు మీదుగా, చుక్క మీదుగా, ఆ కొస నుంచి ఈ కొస దాకా పెద్ద ఇంటూ కొట్టాడు.

వెల్డరు స్పానర్లను నెమ్మదిగా కింద పెట్టాడు. గొలుసు పట్టుకున్నవాడు గొలుసు దింపాడు. ఒకరి తర్వాత ఒకరు షెడ్డువాళ్ళంతా పనిముట్లు నేల మీద పెట్టేశారు. ఇంటూ పడిన చోట ఇక పని జరగదు, అది వాళ్ళ అలవాటు. ఆ పెట్టడంలోనే ఒక లయ ఉన్నట్టు జనానికి తోచి, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆఫీసరు చప్పట్లు కొడుతూనే వేదిక ఎక్కాడు. చక్రం దగ్గరికి వచ్చాక చేతులు ఆగిపోయాయి.

"ఏంటి మేస్త్రీ, ఇది కూడా ఆటలోదేనా?"

"కాదు సార్. పగులుంది."

"దీనికి నువ్వే కదా టిక్కు పెట్టావు?"

"నేనే పెట్టాను. గోడ వరస అంతా మళ్ళీ చూడాలి సార్. రెండేళ్ళ నుంచి అక్కడ నేను పెట్టిన ప్రతి టిక్కూ, అది ఏ పెట్టె కిందకు వెళ్ళిందో వెతికి చూడాలి." సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "నేను కాదు. రెండు చెవులున్నవాళ్ళు."

ఆఫీసరుకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన ముఖం చూడాలనిపించక మేస్త్రీ సుత్తిని చక్రానికి ఆనించి పెట్టి, బావమరిది వైపు తిరిగాడు.

"కిరసనాయిలు, గుడ్డ పట్టుకురా."

బావమరిది వెళ్ళి రెండూ తెచ్చాడు. రంగు గీకి, కిరసనాయిలు పూసి, కాసేపు ఉంచి, పొడిగా తుడిచి, దాని మీద సుద్దపొడి రాస్తే లోపల పగులుంటే నూనె పైకి చెమ్మగిల్లుతుంది. వాళ్ళ పాత పద్ధతి. మోకాళ్ళ మీద కూర్చుని మేస్త్రీ పొడి రాస్తుంటే పక్కన ఎవరో వంగినట్టు నీడ పడింది. గొట్టం అమ్మాయి. ఆమె పెదవులు కదులుతున్నాయి.

"బావా, ఈ అమ్మాయి ఏమంటోందంటే..." అని బావమరిది అలవాటు కొద్దీ అందుకోబోయాడు.

"నువ్వుండు," అన్నాడు మేస్త్రీ. ఆమె వైపు తిరిగాడు. "అటు పక్క చెవి పనిచెయ్యదమ్మా. ఇటు రా."

ఆమె చక్రం చుట్టూ తిరిగి కుడి పక్కకొచ్చి కూర్చుంది. ఇందాకటి నవ్వు లేదు. "చెవి సంగతి నాకు తెలియదు మేస్త్రీగారూ. తెలిసుంటే..."

"నీ పుస్తకంలో రాశావుగా. ఆలస్యంగా కొడతాడని, ప్రతిసారీ అని."

"అది చూశారా!" ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "మీరు అరక్షణం ఆగి కొడతారు. మా వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేసినా ఆ ఆగడం రాదు. అది మీకెలా వచ్చిందా అని రాసుకున్నాను."

"మోకాలి వల్ల వచ్చింది," అన్నాడు బావమరిది.

ఆమెకు అర్థం కాలేదు. మేస్త్రీ వివరించలేదు. "నిజం చెప్పు. జాబితాలో ముందు నా పేరు ఎవరు పెట్టారు?"

"నేనే అడిగాను. నేను అద్దెకుండేది షెడ్డు గోడ అవతలే. రోజూ పొద్దున మీ సుత్తి వింటూ సాధన చేస్తాను. ఆ కొట్టేదెవరని అడిగితే గంట మేస్త్రీ అన్నారు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. అబద్ధమాడుతున్న మనిషిలా లేదు. అయినా సరే పూర్తిగా నమ్మడానికి ఆయనకు ఇంకో రెండు మూడు రోజులు పట్టొచ్చు.

భార్య వేదిక ఎక్కి వచ్చి, ఆయన కింద విప్పిన చెప్పులు తెచ్చి పక్కన పెట్టింది. దిగువన కుర్చీలు మడుస్తున్నారు. ఆఫీసరు ఎవరికో ఫోన్ చేసి సోమవారం బిగింపులు ఆపమంటున్నాడు.

తెల్లటి సుద్దపొడి మీద, ఇరుసు దగ్గర్నుంచి అంచు వైపు, నల్లటి గీత ఒకటి నెమ్మదిగా తేలింది.

"ఇంత సన్నదా?" అంది గొట్టం అమ్మాయి.

"మొదట్లో ఇంతే ఉంటుందమ్మా," అన్నాడు గంట మేస్త్రీ. చక్రానికి ఆనించిన సుత్తిని తీసి, పిడిని గుడ్డతో తుడిచి, బావమరిది చేతికిచ్చాడు. "గోడ వరస దగ్గర కొట్టేటప్పుడు కంప్రెసరు ఆపించు. ప్రతి చక్రానికీ చెయ్యెత్తు. ఎవరేమనుకున్నా సరే, ఎత్తు."